కొండవారి యింటికి చుట్టపుచూపు



ఇంటికి చుట్టములు వచ్చుట మనకు సంతోషకరమైన విషయమే. అయితే ఆ చుట్టము గుమ్మమున కాళ్లు కడుగుకొనక, ఇంటివారిని పలుకరింపక, తిన్నగా వంటయింటిలోనికి బోయి కుండలమీది మూతలు తీసిచూచి, పెరటిలోని పూలు కోసికొని, తిన్న విస్తరిని నడిమి గదిలో విడిచి, పోవుచు పోవుచు ఇల్లాలి చేతిలో పది రూపాయలు పెట్టి "మీ యిల్లు చాల బాగున్నది" అని మెచ్చుకొని వెడలిపోయినయెడల ఆ యిల్లాలి మనస్సు ఎట్లుండును? ఆ పది రూపాయలు ఆమెకు అక్కరకు రావచ్చును. ఆ మెప్పుగూడ నిజమైనదే కావచ్చును. అయినను ఆమె తలుపు దగ్గరగా వేసికొని కొంతసేపు ఊరక కూర్చుండును. మరునాడు తలుపు తట్టిన చప్పుడు విన్నపుడు తనకు కలిగినది సంతోషమో దిగులో ఆమెయే చెప్పజాలదు.

అరకు, పాడేరు, లంబసింగి ప్రాంతములలోని కొండగూడెములయందున్న మన తోడి స్త్రీల మనస్సు నేడు ఇంచుమించుగా ఇట్లేయున్నది. చలికాలము ప్రవేశించినది మొదలు సంక్రాంతి దాటువరకును మైదానమునుండి వేలకొలది జనులు ఆ కొండలకు బోవుచున్నారు. మంచు చూడవలెనని కొందరు, పూలచేలు చూడవలెనని కొందరు, పట్టణపు రొదను రెండుదినములు మరచిపోవలెనని కొందరు పోవుచున్నారు. ఆ ప్రయాణములకు మూటలు కట్టువారము, పిల్లలకు ఉన్నిబట్టలు వెదకువారము, దారిలో తినుటకు పులిహోర కలుపువారము మనమే. కావున ఆ కొండలమీది యిండ్లలో మనలను గూర్చి ఏమనుకొనుచున్నారో తెలిసికొనుటయు మన విధియే యగును.

లోయయు, లోయవారును

అరకులోయ విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున, తూర్పుకనుమల నడుమ నున్నది. శృంగవరపుకోట దాటిన పిమ్మట ఘాటురోడ్డు మలుపులు తిరుగుచు టైడా, అనంతగిరి, గాలికొండల మీదుగా పైకి బోవును. పాడేరు ముఖ్యపట్టణముగా 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఈ లోయ చేరియున్నది. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియలు, పోర్జలు, గదబలు, ఖోందులు మున్నగువారు ఇచ్చటి ప్రజలు. తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా, కువి, పోర్జ, గదబ మున్నగు భాషలు ఇచ్చటి సంతలలో వినవచ్చును. మనలను జూచి వారు తమ భాషలో తమలోదాము నవ్వుకొను మాటలు మనకు తెలియకపోవుట యొకవిధముగా మన యదృష్టమే.

ఈ లోయకు రైలు వచ్చిన కథయు తెలిసికొనదగినది. కొత్తవలసనుండి కిరండూలునకు బోవు రైలుమార్గము 1960వ దశాబ్దమున వేయబడినది. బైలాడిల్లా కొండలలోని ఇనుపరాతిని విశాఖరేవునకు దెచ్చి జపానుదేశమునకు ఎగుమతి చేయుట దాని ముఖ్యోద్దేశము. సొరంగములు త్రవ్వి, లోయలపై వంతెనలు కట్టి, ఎంతో శ్రమతో వేసిన ఆ దారి లోయవారి రాకపోకలను దలచి వేసినది కాదు. అయినను వారును ఆ రైలెక్కిరి. పిమ్మట మనమును ఎక్కితిమి. 2017వ సంవత్సరము ఏప్రిలు నెలలో అద్దపు పైకప్పుగల పెట్టె యొకటి ఆ మార్గమున ప్రవేశపెట్టబడినది. నాటినుండి బొర్రాగుహలను, అరకును చూడబోవువారికి ఆ ప్రయాణమే యొక వేడుకయైనది.

ఇట్లు కొండకు దారి ఎవరికొరకు పడినది, ఆ దారిన ఎవరు వచ్చిరి, వచ్చినవారు ఏమి పట్టుకొనిపోయిరి అను ప్రశ్నలు అచ్చట క్రొత్తవి కావు. నేటి విహారుల విషయమున వారి మనస్సు ఎటును తేలక యూగుటకు కారణములు వెనుకటి కాలమునందే యున్నవి. ఆ సంగతి ముందు చెప్పెదను. తొలుత నేను కన్నది చెప్పెదను.

వలిసెచేను

పోయిన కార్తీకమాసమున మేము కుటుంబముతో అరకులోయకు బోయితిమి. ఆ దినములలో లోయయంతయు వలిసెపూలతో నిండియుండును. వలిసెలు నూనెగింజల పంట. పసుపు ఆరబోసినట్లు కొండవాలులందు పూచియున్న ఆ చేలను చూచిన కన్నులు మరలింపబుద్ధి పుట్టదు. రోడ్డుప్రక్కనున్న యొక చేనివద్ద బండి యాపితిమి. చేనికి వెదురుకంచె, కంచెకు చిన్నదారి, దారివద్ద ముక్కున బేసరులు, మెడలో పూసలపేరులు గల యొక ముసలమ్మ కూర్చుండియుండెను. లోపలికి బోయి ఫోటో తీసికొనువారు తలకు ఇంతయని ఆమెకు ఇచ్చి పోవుచుండిరి.

నాకు మొదట మనస్సు చివుక్కుమనినది. పూలను చూచుటకుగూడ వెలయా యని గొణిగితిని. ఇంతలో మా పిల్లలు చేనిలో పరుగెత్తి, మంచి ఫోటోకొరకు మరింత లోనికి బోయి, పదిపండ్రెండు మొక్కలను విరుగద్రొక్కిరి. ఆ ముసలమ్మ యేమియు అనలేదు. మెల్లగా లేచి వచ్చి, విరిగిన మొక్కలను ఏరి, పూలు దులిపి, ఒక ప్రక్కన పేర్చుకొనెను. అవి ఎందుకని యడిగితిని. పశువులకని చెప్పెను. అప్పుడుగాని నాకు సిగ్గు కలుగలేదు.

ఆమె ప్రక్కన కూర్చుండి కొంతసేపు మాటలాడితిని. కంచె కట్టకమునుపు జనులు ఊరక చేనిలో దిగి పంటను పాడుచేయుచుండిరట. పొమ్మనిన కోపపడుచుండిరట. అందుచేత కంచెకట్టి, వెలపెట్టిరి. ఇప్పుడు కొంత సొమ్ము వచ్చుచున్నది. అయినను ద్రొక్కిన మేర గింజ పట్టదు. గింజ లేనిది ఇంటికి నూనె రాదు. మేము రాకుండుటయే మంచిదందురా యని అడిగితిని. ఆమె నవ్వి, "మీరొస్తే ఒక బాధ, రాకపోతే ఒక బాధ తల్లీ" అనినది.

ఇంటికి వచ్చిన పిమ్మటగూడ ఆ మాట నన్ను విడువలేదు. పెద్ద పెద్ద సభలలో చర్చించు విషయమును ఆ ముసలమ్మ ఒక్క మాటలో చెప్పినది. ఆ రెండు బాధలును ఏవో విడదీసి చూచుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

రాకపోయిన బాధ

కొండలమీద సేద్యము వానపై నాధారపడినది. సామలు, చోళ్లు, వరి, వలిసెలు, కొంచెము కూరగాయలు ఇంటి గింజకు సరిపోవును గాని చేతికి రొక్కము చాల తక్కువ. కాఫీతోటలు వచ్చిన తరువాత కొంత మేలైనది. వెండిఓకు చెట్ల నీడను కాఫీమొక్కలు, ఆ చెట్లపైకి ప్రాకిన మిరియపుతీగలు పెంచి గిరిజనులు చేయు ఈ సేద్యమునకు మంచిపేరు వచ్చినది. అరకు అరబికా కాఫీకి 2019వ సంవత్సరమున భౌగోళికగుర్తింపుగూడ లభించినది. అటవీఫలసాయమును, పంటలను కొనుటకు 1956వ సంవత్సరమున ఏర్పడిన గిరిజన సహకార సంస్థ యున్నది. అయినను మార్గశిరమున కాఫీపండ్లు కోయుటకు బోవు స్త్రీకి తక్కిన మాసములలో చేతిలో రొక్కమాడు దారి కావలెను గదా!

ఆ దారి నేడు రోడ్డుప్రక్కననే కనబడుచున్నది. టైడా మొదలుకొని అరకువరకును స్త్రీలు కొండచీపుళ్లు, అల్లము, పసుపు, సీతాఫలములు, పనసపండ్లు, అడ్డాకులు పెట్టుకొని కూర్చుందురు. వెదురుబొంగులో మాంసము కూరి నిప్పులపై కాల్చు వంట వారి యిండ్లలోనిదే. నేడది బాటసారులకు ప్రియమైన తినుబండారమైనది. లంబసింగిలోను, పాడేరు దాపుననున్న వంజంగి కొండవద్దను పడుచువారు గుడారములు అద్దెకిచ్చుచున్నారు, తెల్లవారకమునుపే దారి చూపుచు జనులను కొండపైకి గొనిపోవుచున్నారు, టీకాచి అమ్ముచున్నారు. పట్టణమునకు కూలికి బోవలసిన కొడుకు ఊరనే యుండి నాలుగు డబ్బులు సంపాదించుట తల్లికి చిన్న సంతోషమా?

మరియొక మేలుగూడ కలదు. సంతలో చీపురుకట్టను దళారి యడిగిన ధరకు అమ్ముటకంటె రోడ్డున బోవువానికి తాను చెప్పిన ధరకు అమ్ముట స్త్రీకి స్వతంత్రమైన పని. ఆ సొమ్ము ఆమె కొంగున ముడివేసికొనునది. ఆ సొమ్ముతో పిల్లకు పుస్తకములు కొనవచ్చును, వైద్యునివద్దకు బోవచ్చును. కావున ఎవరును రావలదు, కొండ కొండగానే యుండవలెను అని మైదానమున కూర్చుండి మనము పలుకుట న్యాయము కాదు. ఆ మాట వారు అనుటలేదు.

వచ్చిన బాధ

రెండవ బాధను వారు అంత సులభముగా పైకి చెప్పరు. చుట్టములయెదుట ఇంటి బాధలు చెప్పుకొనుట మర్యాద కాదని మనమెట్లు తలతుమో వారును అట్లే తలతురు. కొంత మెలగిన తరువాతనే తెలియును.

మొదటిది కాలము. మనకు తీరికయైన కాలమే వారికి తీరికలేని కాలము. వరికోతలు, నూర్పిళ్లు, వలిసెలకోత, కాఫీపండ్ల కోత అన్నియు ఆ చలిదినములలోనే వచ్చును. నూర్పిళ్లనాడు ఇంటినిండ చుట్టములు దిగిన మనకెట్లుండునో తలచుకొనుడు.

రెండవది నీరు. కొండయనగానే ఊటలు, సెలయేళ్లు జ్ఞప్తికి వచ్చును గాని వేసవి వచ్చునప్పటికి అనేక గూడెములలో స్త్రీలు బిందెలు పట్టుకొని ఊటబావికి దిగి యెక్కవలెను. బసలలో దిగిన మనకు వేడినీళ్లు గొట్టమునుండి వచ్చునపుడు ఆ నీరు ఏ ఊటదో మనమడుగము.

మూడవది చెత్త. వంజంగి కొండపై సూర్యోదయవేళ మేఘములు సముద్రమువలె క్రింద పరచుకొనును. ఆ శోభ చూచి దిగివచ్చువారు విడిచిన నీటిసీసాలు, చిప్సు సంచులు, సారాసీసాల పెంకులు మేఘములతో కరగిపోవు వస్తువులు కావు. వట్టి కాళ్లతో కట్టెలకు బోవు స్త్రీకి సీసాపెంకు ఎట్టిదో, ప్లాస్టిక్కు సంచి మ్రింగిన ఆవు గలవానికి ఆ సంచి ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

నాల్గవది చూపు. ఇదియే అన్నిటికంటె లోతుగా నొప్పించునది. ధింసా నృత్యమును మీరు చూచియుందురు. స్త్రీలు వరుసగా నిలిచి, ఒకరి వెనుక నొకరు చేతులు పెనవేసికొని, డప్పు, తుడుము, మోరి, జోడుకొమ్ముల ధ్వనికి అడుగులు కలిపి ఆడుదురు. పెండ్లిండ్లలోను, చైత్రమాసపు పండుగలోను ఊరంతయు కలసియాడు ఆట యది. చూచువారు, ఆడువారు అను భేదము దానియందు లేదు. వచ్చిన చుట్టముగూడ వరుసలో చేరవలసినదే. నేడు బసలలో రాత్రి భోజనానంతరము ఒకే రంగు చీరలుగట్టి అదే నృత్యమును గంటకింతయని యాడుచున్నారు. ఆ సొమ్ము వారికి కావలెను. ఆటను మరువకుండ నిలుపుటకు ఇదియొక దారి యనువారును వారిలోనే యున్నారు. పండుగను అమ్ముకొంటిమా యని నొచ్చుకొను పెద్దలును వారిలోనే యున్నారు. ఒక యింటిలోనే తల్లి యొకమాట, కోడలు ఇంకొకమాట యనుచున్నారు. ఇద్దరిమాటయు నిజమే.

అడుగక ఫోటో తీయుట సంగతి వేరు. స్నానము చేయుచున్న బిడ్డను, పాలిచ్చుచున్న తల్లిని, ముసలమ్మ ముక్కుబేసరులను సెల్‌ఫోనుతో పట్టి, ఆ బొమ్మను లోకమంతటికిని చూపువారు కలరు. మన వీథిలో మన బిడ్డను ఎవడో పరాయివాడు అట్లు చేసినయెడల ఊరకుందుమా?

పాత భయము

ఈ బాధలన్నియు ఓర్చుకొనదగినవే. ఓర్చుకొనరానిది భూమి పోవునను భయము. వెనుక చెప్పెదనంటిని గదా, ఆ కథ యిది.

మైదానమునుండి కొండకు వచ్చినవారిలో మొదటివారు విహారులు కారు. షాహుకారులు వచ్చి ఉప్పు, బట్ట అప్పుపెట్టి, అప్పునకు భూమి వ్రాయించుకొనిరి. కంట్రాక్టరులు వచ్చి కలప కొట్టించిరి. అధికారులు వచ్చి చాలని కూలికి రోడ్లపని చేయించిరి. నర్సీపట్నమునుండి లంబసింగి వైపునకు వేసిన ఘాటురోడ్డు పనిలో గిరిజనులు పడిన బాధ అల్లూరి సీతారామరాజు నడపిన తిరుగుబాటునకు ఒక కారణమయ్యెను. 1922వ సంవత్సరము ఆగస్టు నెలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై ఆయన దాడి చేసెను. నేడు మనము మంచు చూచుటకు కారులో ఎక్కిపోవు ఆ కొండదారులలో కొన్ని అట్టి చెమటతో పడినవని మనకెవరు చెప్పుచున్నారు?

కొండభూములు పరాయివారి చేతికి బోవుచున్నవని ఆంగ్లప్రభుత్వమే గుర్తించి 1917వ సంవత్సరమున ఏజెన్సీ భూముల బదిలీని గూర్చి యొక చట్టము చేసినది. స్వాతంత్ర్యానంతరము 1959వ సంవత్సరమున భూబదిలీ నిబంధన వచ్చినది. 1970వ సంవత్సరమున దానిని సవరించి, షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనులుగాని వారికి భూమి బదిలీ చేయుట చెల్లదని కట్టుదిట్టము చేసిరి. 1996వ సంవత్సరపు పంచాయతీల విస్తరణ చట్టము ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములలో భూమిని సేకరింపవలెననిన ముందుగా గ్రామసభను గాని తగు స్థాయి పంచాయతీని గాని సంప్రదింపవలెను.

వీనియన్నిటిలోను పేరెన్నికగన్నది 1997వ సంవత్సరపు సమత తీర్పు. బొర్రాగుహల చుట్టుప్రక్కల అనంతగిరి మండలమున గనులు త్రవ్వుకొనుటకు ప్రభుత్వము ప్రైవేటువారికి కౌలుపట్టాలు ఇచ్చియుండెను. సమత యను స్వచ్ఛందసంస్థ న్యాయస్థానముల కెక్కెను. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనులుగాని వారికి భూమినిచ్చుట ప్రభుత్వమునకుగూడ తగదని, అట్టి కౌళ్లు చెల్లవని సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. బొర్రాగుహలలో దీపముల వెలుగున సున్నపురాతి స్తంభములను చూచి అబ్బురపడు మనము, ఆ గుహల చుట్టునున్న నేలకై ఇంత వ్యాజ్యము నడచినదని తెలిసి చూచిన మరింత శ్రద్ధగా చూతుము.

చట్టములింత గట్టిగా నుండగా భయమెందులకు? సోదరీమణులారా, ఇచ్చటనే స్త్రీల కథ వచ్చుచున్నది. స్థలము గిరిజనుల పేర, వ్యాపారము ఇతరుల చేత నడచుచున్నదను మాట ఏజెన్సీలో చిరకాలముగా నున్నది. గిరిజన స్త్రీని పెండ్లియాడియో, పెండ్లియని పేరుపెట్టియో, ఆమె పేర భూమి కొని పెత్తనము తాను చేయు పురుషులును కలరు. పత్రమున ఆమె సంతకమో వ్రేలిముద్రయో యుండును. పెట్టెతాళము ఆయన మొలత్రాడున నుండును. ఆయనకు మైదానమున వేరొక సంసారమున్నయెడల ఆమె గతి యేమి? విహారులు హెచ్చినకొలది రోడ్డుప్రక్క సెంటుభూమికి విలువ హెచ్చును; విలువ హెచ్చినకొలది ఇట్టి పన్నుగడలును హెచ్చును. మనము దిగిన బస యెవరిదని ఒక్కసారి అడిగిన తప్పులేదు.

ఇంటి యజమానురాలుగా నుండి చుట్టమునకు అన్నము పెట్టుట వేరు. తన యింటనే తాను కూలిగా నిలిచి పరాయివాని చుట్టములకు అంట్లుతోముట వేరు. మొదటిదానిలో ఎంత శ్రమయున్నను గౌరవమున్నది. కొండవారి మనస్సులోని యూగులాటయంతయు ఈ రెంటి నడుమనే యున్నదని నాకు తోచినది. మనము వచ్చుట వారికి సమస్య కాదు. మనము వచ్చిన తరువాత ఆ యిల్లు ఎవరిదగును అనునదే సమస్య.

బాటయు, డోలియు

మరియొక మాట చెప్పక తప్పదు. చూడదగిన చోటులకు తారురోడ్లు పడుచున్నవి. అదే జిల్లాలో కొండలలోపలి గూడెములనుండి నిండుచూలాలిని నొప్పులువచ్చిన పిమ్మట కర్రకు దుప్పటిగట్టి డోలిలో మోసికొని కిలోమీటర్ల కొలది నడచి ఆసుపత్రిబండి యున్నచోటికి దెచ్చిన వార్తలు మనము పత్రికలలో ఎన్నోసారులు చదివితిమి. దారిలోనే ప్రసవించినవారు కలరు, దక్కనివారును కలరు. గిరిజనగూడెములకు రోడ్లు వేయుటకు 2025వ సంవత్సరము ఏప్రిలులో 'అడవితల్లి బాట' అను పథకమునకు డుంబ్రిగుడ మండలమున శంకుస్థాపన జరిగినది. ప్రతి గూడెమునకును బాటపడవలెనని మనమందరము కోరుదము. సూర్యోదయము చూచుటకు వేసిన బాట ప్రసవమునకుగూడ ఉపయోగపడిననాడు కొండస్త్రీ ఆ బాటను దీవించును. తన గూడెమును దాటి, శిఖరమువరకే బోవు బాటను చూచి ఆమె యేమనుకొనును?

ఉదకమండలము చెప్పు పాఠము

ఇట్టి సంగతి మనకంటె ముందు చూచిన కొండలు కలవు. నీలగిరులలో తోడాలు ఎనుములను మేపుకొనుచు, బడగలు సేద్యము చేసికొనుచు నుండిరి. 1819వ సంవత్సరమున కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఆ కొండలెక్కెను. పిమ్మట తోడాల పచ్చికబయళ్లున్న తావున ఉదకమండలము వెలసినది. మదరాసు ప్రభుత్వమునకు వేసవి రాజధానియైనది. రెండువందల యేండ్లలో అది ఎంత పెరిగినదనిన, కారుల రద్దీ భరింపలేక మదరాసు హైకోర్టు ఉత్తర్వుపై 2024వ సంవత్సరము మే 7వ తేదీనుండి ఊటీకిని, కొడైకెనాలుకును బోవు వాహనములకు ముందుగా అనుమతిపత్రము తీసికొనవలెనను నియమము పెట్టిరి. 2025వ సంవత్సరపు వేసవిలో నీలగిరులకు పనిదినములలో దినమునకు 6,000, వారాంతములలో 8,000 వాహనములని హద్దుగూడ నిర్ణయించిరి. ఇల్లు నిండిపోయిన తరువాత గుమ్మమున కావలి పెట్టుట యది. అరకులోయ యింకను ఆ స్థితికి రాలేదు. వచ్చుటకు ముందే హద్దు తెలిసికొనుట మేలు గదా!

గుమ్మమున కర్ర

చైత్రమాసమున ఆ కొండలలో ఇటుకల పండుగ జరుగును. విత్తనములను గ్రామదేవతయెదుట నుంచి పూజించి, పురుషులు వేటకు బోవుదురు. ఆ దినములలో స్త్రీలు పాటలు పాడుచు రోడ్డునకు అడ్డముగా కర్రపెట్టి, వచ్చుపోవు బండ్లనాపి, పండుగ కానుక అడుగుదురు. ఇచ్చినవారికి దారి విడుతురు. మైదానమువారిలో కొందరు దీనికి విసుగుకొని, ఇదేమి దౌర్జన్యమని కేకలు వేయుటయు విన్నాను.

నాకు మాత్రము ఆ కర్ర మన పెండ్లిండ్లలో ఆడుబిడ్డ తలుపు పట్టుట వంటిదని తోచుచున్నది. ఇది మా గుమ్మము, నీవు మా యింటికి వచ్చుచున్నావు, మమ్ము పలుకరించి, కానుక యిచ్చి లోనికి రమ్ము అని నవ్వుచు చెప్పుట యది. ఏడాదిలో తక్కిన దినములన్నియు మనము ఆ గుమ్మమును చూడకయే దాటిపోవుచున్నాము.

కావున, సోదరీమణులారా, ఈ చలికాలమున మీరును కొండకు బోదలచినయెడల తప్పక పొండు. పిల్లలకు చూపుడు. అయితే చుట్టపుచూపుగా పొండు. మూటలోనే యొక సంచి యుంచుకొని, కొండకు దీసికొనిపోయిన ప్లాస్టిక్కును తిరిగి ఇంటికి దెండు. చేనిలో దిగుటకు ముందు చేనివారిని అడుగుడు. ఫోటో తీయుటకు ముందు ముఖమువారిని అడుగుడు. వలదనిన చిరునవ్వుతో మానుడు. చీపురు, పసుపు, అల్లము పండించినవారి చేతినుండియే కొనుడు. పట్టణపు బజారులో నోరుమెదపక ఇచ్చు ధరను కొండపై గీచి గీచి బేరమాడకుడు. దిగిన బస లోయవారిదేయైన మరింత మంచిది. స్నానమునకు ఒక బిందె నీరు తగ్గించుకొనిన మన శుభ్రతకు లోపము రాదు. మగవారు బండిలో సారాసీసాలు పెట్టుకొనినయెడల దింపించు బాధ్యతయు మనదే.

బయలుదేరుటకు ముందు మేము మరల ఆ వలిసెచేనివద్ద ఆగితిమి. ఆ ముసలమ్మకు మా యింటి సున్నియుండలు నాలుగు ఆకులో చుట్టి యిచ్చితిని. ఆమె వానిని కొంగున కట్టుకొని, లోపలి గుడిసెకు బోయి, దోసెడు వలిసెగింజలు తెచ్చి నా చేతిలో పోసెను. వెల యెంత యని నోటివరకు వచ్చిన మాటను దిగమ్రింగితిని. చుట్టరికమునందు ఆ ప్రశ్న యుండదు గదా! ఆ గింజలు మా పెరటిలో చల్లితిని. ఈ యేడు నాలుగు మొక్కలు పూచినవి. మా పిల్లలు వానిని దాటునపుడు ఒదిగి నడచుచున్నారు.